వారానికొక్కనాడు వేసుకునే గోలి – దాని చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం అనగానే గాంధారి ఖిల్లా గురించో, నైజాం కాలంలో వచ్చిన కాజీపేట–బల్లార్షా రైలుమార్గం గురించో, మన బెల్లంపల్లి బొగ్గు బాయిల గురించో రాయడం ఆనవాయితీ. అవి రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక మందు చరిత్ర రాయదలచాను. పసుపుపచ్చని చిన్న గోలి. పేరు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకుంటారు. 1994 నుంచి నేను వేసుకుంటున్నాను. సభ్యుల కుటుంబాల్లో నాకు తెలిసి ఇంకా ఐదారుగురు వేసుకుంటున్నారు. దీని పుట్టుక వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడనీ, పుట్టిన తర్వాత దాదాపు నలభై ఏళ్లు మన జబ్బుకు ఇది అందకుండా పోయిందనీ వారిలో చాలామందికి తెలియదు.

ముందు జబ్బు సంగతి. మనవైపు ఎక్కడ నొప్పి పుట్టినా ‘వాతం’ అనే అంటాం. బెల్లంపల్లిలోనైతే కారణం కూడా తయారుగా ఉంటుంది. బాయి పనికి పోయినవాళ్లకు నొప్పి వస్తే, ఇరవై ఏండ్లు వంగి పనిచేసె, నడుము పట్టదా అంటారు. గుమస్తాకు వస్తే, రాసి రాసి వచ్చింది అంటారు. ఆడవాళ్లకు వస్తే ఆ మాట కూడా అనరు. నిజానికి వయసు మీద పడ్డాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, నేను చెప్పే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వేరు. ఇందులో శరీరాన్ని రోగాల నుంచి కాపాడవలసిన శక్తి దారి తప్పి సొంత కీళ్ల లోపలి పొర మీదికే దండెత్తుతుంది. ముఖ్యంగా చేతివేళ్ల మొదళ్లు, మణికట్లు, కాలి ముందరి వేళ్లు వాస్తాయి. రెండు చేతులకూ దాదాపు ఒకే తీరుగా వస్తుంది. అరుగుడు నొప్పి నడిస్తే ఎక్కువవుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఇది తద్విరుద్ధం. పొద్దున లేచేసరికి కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, గంట రెండు గంటలు కదిలితే గాని సడలవు. ముప్పై నలభై ఏళ్ల వయసులోనే మొదలుకావచ్చు. మగవారి కంటె ఆడవారికి రెండు మూడింతలు ఎక్కువ. మన దేశంలో ఢిల్లీ దగ్గరి బల్లభ్‌గఢ్ ప్రాంతపు పల్లెల్లో చేసిన సర్వే 1993లో అచ్చయింది. పెద్దవారిలో నూటికి 0.75 మందికి, అంటే వెయ్యి మందిలో ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉన్నదని అందులో తేలింది. ఆ లెక్కన ప్రతి పెద్ద వాడలోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు.

మన వైద్యగ్రంథాల్లో మాధవకరుడు రచించిన మాధవనిదానంలో ‘ఆమవాతం’ అనే జబ్బు వర్ణన ఉంది. పుస్తకం వెయ్యి సంవత్సరాల పైబడినది. అరుగుడు నొప్పికి, వాపుతో వచ్చే వాతానికి భేదం మనవాళ్లు ఎప్పుడో చూశారన్నమాట. ఐరోపాలో 1800లో పారిస్ వైద్యుడు లాండ్రే బోవే ఈ జబ్బును వేరుగా గుర్తించి రాశాడు. ఆయన చూసిన రోగులు ఎక్కువగా పేద స్త్రీలు. దానికి ఇప్పటి పేరు పెట్టినది ఆల్‌ఫ్రెడ్ గ్యారడ్ అనే ఇంగ్లీషు వైద్యుడు, 1859లో. పేరైతే దొరికింది గాని మందు దొరకలేదు. 1899లో బజారుకు వచ్చిన ఆస్పిరిన్ నొప్పిని తగ్గించిందే తప్ప కీలు వంకర పోవడాన్ని ఆపలేదు. 1929లో ఫ్రాన్సులో ఫారెస్టియే అనే వైద్యుడు బంగారు లవణాల ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. అవి కొందరికి నిజంగానే పనిచేశాయి గాని, ఒంటిమీద దద్దురులు, మూత్రపిండాలకు చేటు వెంట ఉండేవి. బంగారం మన ఆడపిల్లల ఒంటి మీదే బాగుంటుంది అని మా డాక్టరు గారు ఒకసారి నవ్వుతూ అన్నారు.

నాకు ఈ జబ్బు 1991 చలికాలంలో మొదలైంది. అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా చలి ఎట్లాంటిదో మీకు చెప్పనక్కర లేదు. పొద్దున అంగీ గుండీలు పెట్టుకోలేకపోయేవాణ్ణి. స్నానానికి చెంబు ముంచితే జారిపోయేది. పదకొండు దాటితే గాని కలం పట్టుకునే తీరు వచ్చేది కాదు. ఆఫీసులో రాత పనంతా మధ్యాహ్నం చేసేవాణ్ణి. ఇంట్లో వావిలాకు నీళ్లతో కాపడం, ఆముదం మర్దన, ఉప్పు మూట అన్నీ జరిగాయి. వాటితో హాయిగా ఉండేది, ఇప్పటికీ వావిలాకు కాపడం నాకు ఇష్టమే. కాని వాపు తగ్గేది కాదు.

మా కాలనీలోనే ఒక బాయి కార్మికుని భార్యకు ఇదే జబ్బు ఉండేది. ఆమెకు ఎవరో ఒక సూది, కొన్ని పొట్లాలు ఇచ్చేవారు. ఆ సూది మహిమ నేను కళ్లారా చూశాను. నిన్న మంచం దిగలేని మనిషి ఇవాళ బోరింగు దగ్గర బిందెలు నింపుకునేది. వాడకట్టంతా ఆ సూదే వేయించుకొమ్మని నాకు సలహా చెప్పింది. ఏడాది తిరిగేసరికి ఆమె మొఖం గుండ్రంగా ఉబ్బింది, చర్మం పలచబడి తాకితే కందేది, సూది నాగా పడితే మునుపటి కంటె రెట్టింపు నొప్పి. ఆమె వేళ్లు మాత్రం వంకర పోతూనే ఉన్నాయి. కొన్నేళ్లకు గడప దగ్గర జారితే తుంటి విరిగింది. ఆ పొట్లాల్లో ఉన్నది స్టెరాయిడ్. దాని చరిత్ర చెబితేనే మన గోలి చరిత్ర అర్థమవుతుంది, ఎందుకంటే రెండూ ఒకే సంవత్సరంలో పేరుకు వచ్చాయి. అది 1948.

ఇక తెలుగువాడి సంగతి. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందుగానే మానుకోవలసి వచ్చిన మనిషి. అకాల పదవీ విరమణ అంటే ఇల్లు ఎట్లా నడుస్తుందో మన సభ్యులకు తెలుసు. పిల్లవాడు పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుని బతుకుదామని ఇల్లు వదలిపోతే, దారిలో పట్టుకుని తీసుకువచ్చారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు, తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. అది పేగులు ఆహారాన్ని పీల్చుకోలేక, రక్తం తగ్గి, మనిషి శుష్కించిపోయే జబ్బు. మద్రాసులో కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల తొలి సంవత్సరాలలో మామగారి సాయంతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోనూ బోస్టన్ నగరానికి పోయారు. తిరిగి ఈ దేశానికి రానేలేదు.

అక్కడ హార్వర్డులో చదువుకుంటూ, పొట్టగడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ హాస్పిటల్‌లో రాత్రిపూట పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. ఈ హాస్పిటల్ పేరు పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి, మళ్లీ వస్తుంది. పగలు ప్రయోగశాల. 1925లో ఫిస్కే గారితో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. తరువాత కండరాలు పనిచేయడానికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. పదార్థాల మీద పనిచేశారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరి, కొద్ది కాలానికే పరిశోధనకు డైరెక్టరు అయ్యారు. ఏనుగుకాలు జబ్బుకు మనదేశంలో ఊరూరా పంచిన డి.ఇ.సి. గోలీలు కూడా ఆయన బృందం తెచ్చినవే. మన ఉద్యోగులే ఇంటింటికి తిరిగి పంచారు గదా!

ఫోలిక్ ఆమ్లం అనే విటమినును 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో తయారు చేసింది. దానికి తొలి జాడ దొరికినది కూడా మన దేశంలోనే. 1930 ప్రాంతాల్లో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనత మీద లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు చేసిన పనిలో ఆ జాడ తెలిసింది. సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందయింది. తరువాత బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ కోసం వేరొకటి కోరాడు. ఫోలిక్ ఆమ్లం లాగే కనిపిస్తూ, దాని చోటు ఆక్రమించి, దాని పని చెడగొట్టే పదార్థాలు కావాలి. సుబ్బారావు గారి కింద పనిచేసిన రసాయన శాస్త్రవేత్తలు వరుసగా తయారు చేసి పంపారు. అందులో ఒకటి అమినోప్టెరిన్, దానికి తమ్ముడి వంటిది అమెథోప్టెరిన్. ఈ రెండోదే మన మెథోట్రెక్సేట్. 1948 జూన్‌లో ఫార్బర్ తన ఫలితాలు ప్రకటించాడు. పదహారు మంది పిల్లల్లో పది మందికి, తాత్కాలికంగానే అయినా, రక్త క్యాన్సర్ వెనక్కు తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకు మందు లేదు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు యాభైమూడేళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. ఆ గోలికి కీళ్లవాతంతో ఏదైనా సంబంధం ఉండగలదని అప్పటికి ఎవరి ఊహలోనూ లేదు.

ఆయన పోయిన ఆరు వారాలకు, 1948 సెప్టెంబరు 21న, అమెరికాలోనే మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతంతో మంచం పట్టిన ఇరవైతొమ్మిదేళ్ల స్త్రీకి ఒక కొత్త పదార్థం సూది వేశాడు. కామెర్లు వచ్చినప్పుడు, గర్భం ధరించినప్పుడు కీళ్లవాతం తగ్గుముఖం పట్టడం ఆయన ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చాడు. ఒంట్లోనే ఏదో పదార్థం ఈ పని చేస్తున్నదని నమ్మాడు. సూది వేసిన కొద్ది రోజులకే ఆమె లేచి నడిచింది, వారం తిరిగేసరికి బజారుకు పోయి వచ్చింది. ఆ పదార్థమే కార్టిసోన్, స్టెరాయిడ్లలో మొదటిది. లోకం ఊగిపోయింది. రెండేళ్లకే, 1950లో హెంచ్‌కూ సహచరులకూ నోబెల్ బహుమతి ఇచ్చారు. ఉబ్బిన మొఖాలు, గుల్లబారిన ఎముకలు తరువాత బయటపడ్డాయి. మా కాలనీ ఆవిడ కథ చిన్నమెత్తున అదే కథ.

1951లో న్యూయార్కులో గబ్నర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అమినోప్టెరిన్‌ను కొద్దిమంది కీళ్లవాతం రోగులకు ఇచ్చి, వాపు తగ్గిందని పత్రికలో రాశారు. ఎవరూ చెవినపెట్టలేదు. రాత్రికి రాత్రి లేపి నిలబెట్టే మందు చేతిలో ఉండగా, వారాల తరబడి ఆగితే గాని గుణం చూపని, పైగా క్యాన్సర్ మందు అనే పేరున్న దాన్ని ఎవరు ముట్టుకుంటారు? చర్మం పొలుసులు రాలే సోరియాసిస్ జబ్బుకు మాత్రం చర్మవైద్యులు దీన్ని వాడుతూ వచ్చారు. ఆ రోగుల్లో కొందరికి కీళ్ల నొప్పులూ తగ్గాయి. అమెరికా పడమటి వైపు స్పోకేన్ అనే ఊళ్లో హాఫ్‌మైస్టర్ అనే వైద్యుడు తన దగ్గరికి వచ్చే వాతరోగులకు తక్కువ మోతాదులో ఇచ్చి, 1972లో వైద్యుల సభలో చెప్పాడు. అప్పుడూ పెద్దగా కదలిక లేదు. మన దఫ్తర్లలో ‘పెండింగ్’ అని కట్టకట్టి అలమార పైన పడేసిన ఫైలు ఎట్లా ఉంటుందో ఈ మందు అట్లా ఉండిపోయింది.

ఆ ఫైలు దుమ్ము దులిపినవారు 1980లలో వచ్చారు. అందులో ముఖ్యమైనది వైన్‌బ్లాట్, ఆయన సహచరులు బోస్టన్‌లో చేసి 1985లో ప్రకటించిన పరీక్ష. రోగులకు కొంతకాలం అసలు గోలి, కొంతకాలం ఉత్తుత్తి గోలి ఇచ్చారు. ఏది ఎప్పుడు ఇచ్చినదీ రోగికీ డాక్టరుకూ తెలియకుండా జాగ్రత్తపడ్డారు. పరీక్ష పూర్తిచేసినవారు ఇరవైఎనిమిది మందే. అయినా తేడా స్పష్టంగా కనిపించింది. 1988లో అమెరికా ప్రభుత్వం కీళ్లవాతానికి దీన్ని అనుమతించింది. ఆ పరీక్ష జరిగినది బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో. అంటే పీటర్ బెంట్ బ్రిగమ్ మరి రెండు ఆసుపత్రులతో 1980లో కలిసిపోగా ఏర్పడిన సంస్థ. రాత్రిపూట పాత్రలు కడిగిన మనిషి చేయించిన మందు, అరవై ఏళ్ల తరువాత ఆ ఇంటి గడపలోనే వాతానికి మందుగా నిలిచింది. ఇది నేను కల్పించినది కాదు, చరిత్రే చేసిన చిత్రం.

నా దాకా అది రావడానికి మరి ఆరేళ్లు పట్టింది. వరంగల్‌లో వైద్యం చదువుతున్న మా మేనల్లుడు దసరాకు వచ్చి నా చేతులు చూసి, మామయ్యా ఇది రాత వల్ల వచ్చింది కాదు అన్నాడు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు పోయి కీళ్లవ్యాధుల డాక్టరు గారికి చూపించుకున్నాను. ఆయన రక్తపరీక్షలు చేయించి 2.5 మిల్లీగ్రాముల గోలీలు మూడు, వారానికి ఒక్కరోజు రాశారు. మరునాడు ఫోలిక్ ఆమ్లం గోలి. మందుల దుకాణంలో కుర్రవాడు చీటీ చూసి, ఇది క్యాన్సర్ గోలి కదా సార్, ఎవరికి అన్నాడు. నా భార్య అక్కడే కూలబడింది. మళ్లీ పైకి పోయి డాక్టరు గారిని అడిగితే ఆయన ఓపికగా చెప్పారు. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ, ఈ కొద్ది మోతాదులో ఇది వాపును అణచుతుంది, అంతే. గుణం కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆగండి అన్నారు. రైల్లో నా భార్య అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. “గింతంత గోలి, గది గూడ వారానికొక్క దినమా? దీనికి సూదే నయం గదా!”

ఏడో వారంలో ఒకనాడు పొద్దున చెంబు జారలేదు. మూడో నెలకు పదింటికే కలం పట్టాను. అప్పటికే కుడిచేతి రెండు వేళ్లు చిటికెనవేలి వైపు ఒరిగిపోయాయి, అవి అట్లాగే ఉన్నాయి. పోయినది తిరిగి రాలేదు, ఉన్నది మిగిలింది. 2008లో పదవీ విరమణ చేసేదాకా రాత పని చేశాను. పెన్షన్ కాగితాల సమయంలో మాత్రం ఒక బ్యాంకు వారు పాత సంతకానికీ కొత్త సంతకానికీ పొంతన లేదని మూడుసార్లు తిప్పారు. నేనే నేనని రుజువు చేసుకోవడానికి ఇద్దరు సాక్షులను తీసుకుపోవలసి వచ్చింది. ఇప్పుడు జీవన ప్రమాణ్‌కు ఫోన్‌లో మొఖం చూపిస్తే సరిపోతున్నది, వంకర వేళ్లవారికి అది పెద్ద మేలు.

సుబ్బారావు గారి పేరు నాకు తెలిసినది తపాలా వల్ల. ఆయన శతజయంతికి 1995లో తపాలా శాఖ స్టాంపు వేసింది. ఇన్‌వర్డు రిజిస్టరు నా దగ్గరే ఉండేది. ఒక కవరు మీద ఆ పేరు చూసి, ఈయన ఎవరని ఆరా తీస్తే నా గోలి దగ్గరికి వచ్చి తేలింది. మరి అప్పటినుంచి రెండు గోలీలనూ వేరే కన్నుతో చూస్తున్నాను. ఒకనాడు ఫోలిక్ ఆమ్లం పని చెడగొట్టే గోలి, మరునాడు ఫోలిక్ ఆమ్లం గోలి. ఒకటి చేసే చేటును రెండవది సరిచేస్తుంది. రెండూ ఒకే తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చినవే.

తరువాత ఇంకా మందులు వచ్చాయి. లూథియానాలో పుట్టిన రవీందర్ మైనీ, లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్‌తో కలిసి వాపును రేపే ఒక పదార్థాన్ని అడ్డుకునే చికిత్సకు దారి తీశారు. 2003లో వారికి లాస్కర్ బహుమానం వచ్చింది. ఆ తరహా ఇంజెక్షన్లు 1998 నుంచి బజారులో ఉన్నాయి. వాటిలో ఒకటైన అడాలిముమాబ్‌కు 2014లో మన దేశపు కంపెనీ తక్కువ ధరకు సమానమైనది తయారు చేసింది. అయినా అవి పెన్షనుదారుకు భారమే. వాటికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. ఇవన్నీ వచ్చాక కూడా డాక్టర్లు మొదట రాసేది ఎక్కువగా మన పచ్చగోలినే. మలేరియా మందుగా పేరున్న హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కూడా దీనితో కలిపి ఇస్తారు. 2020 మార్చిలో కరోనాకు అది మందని వదంతి లేస్తే రాత్రికి రాత్రి దుకాణాల్లో మాయమైంది. మా బోటివాళ్లం అట్టలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

సభ్యులకు కొన్ని సంగతులు మనవి చేస్తాను. స్టెరాయిడ్ పనికిరాని మందని నేను అనడం లేదు. నిదానపు మందు గుణం చూపేదాకా కొద్ది మోతాదులో డాక్టర్లే ఇస్తారు. పేరు లేని పొట్లంలో వద్దు. ఏళ్ల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానడం కూడా ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మెథోట్రెక్సేట్ వాడేవారు రక్తం, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు మొదట్లో తరచుగా, తరువాత రెండు మూడు నెలలకొకసారి చేయించుకోవాలి. సారా, బ్రాందీ దీనితో పొసగవు. పిల్లలు కావాలనుకునే కోడళ్లు, కూతుళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి, ఇది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. జ్వరం, నోటిపూత, ఆయాసంతో పొడిదగ్గు వస్తే తరువాతి గోలి వేసుకునే ముందు డాక్టరును అడగాలి. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్లవ్యాధులకు ప్రత్యేక విభాగం ఉంది. చేతివేళ్ల వాపు ఆరు వారాలు దాటితే అరుగుడు అనుకుని ఇంట్లో కూర్చోకుండా చూపించుకోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇది. వారానికి ఒక్కరోజు వేసుకోవలసిన ఈ గోలిని బీపీ, షుగరు గోలీల వరసలో పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అని మాత్రమే కాక వారం పేరు కూడా డాక్టరు గారితో రాయించుకోండి. రోజువారీ గోలీల డబ్బాలో దీన్ని కలపవద్దు. మా ఇంట్లో ఇది వేరే డబ్బాలో, అలమార పైఅరలో ఉంటుంది. డబ్బా మీద నా భార్య పెద్ద అక్షరాలతో ‘ఆదివారం’ అని రాసి అంటించింది. పక్కనే పాత లెడ్జరు ఒకటి ఉంది. గోలి వేసుకోగానే తేదీ వేసి సంతకం చేస్తాను, ఆమె చూసి టిక్కు పెడుతుంది. టిక్కు పడిన తరువాత ఆ వారానికి డబ్బా మళ్లీ తెరవడం లేదు.